చెరుకు కోతకొచ్చిన పంచ్

"ఇప్పుడన్న ఒప్పుకో అన్నా. కప్పు ఎవలది?"

"ఆఖరాట గెలిచినోళ్లది. ఇంకింత చాయ్ పొయ్యి చెల్లె."

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. నేను చాయ్ పోశాను. ఆయన సాసరులో వంపుకొని తాగి, తువ్వాలతో మూతి తుడుచుకొని, మార్కెట్‌లో ధాన్యం తూచే కాంటా దగ్గరికి వెళ్లిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం సోయాబీన్ బస్తాలు జోకుతూ జోకుతూ కాంటా పక్కనే కూర్చున్నాడట. మళ్లీ లేవలేదు. నా చాయ్ బండి అక్కడికి ఒక్క పిలుపు దూరం. నేను గ్లాసులు కడుగుతున్నాను. నాకు తెలియనే లేదు.

ఆటలో తీర్పు చెప్పేవాడిని మా దగ్గర పంచ్ అంటారు. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉండే ఉంటుంది. మహారాష్ట్ర అంచున మా ధర్మాబాద్ మార్కెట్‌లో ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు, అందరికీ పంచే. ఆరు రోజులు ధాన్యం జోకేవాడు, ఆదివారం ఫుట్‌బాల్ మైదానంలో సీటీ, అదే ఈల, ఊదేవాడు. వచ్చే ఆదివారం ఆ ఆట కమిటీ కూర్చుంటోంది. ముందు ఆయన ఫొటోకు దండ వేస్తారు. తర్వాత, కప్పు ఇచ్చే కాయిదా, అంటే నియమం, మార్చాలా వద్దా అన్నది తేలుస్తారు. మా వాడ పిల్లలు నన్ను కూడా వచ్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. అన్నేళ్లు ఆయనతో ఆ కాయిదా మీద కొట్లాడింది నేనే కదా. ఇప్పుడు ఆయన లేడు. దండ వేసిన ఫొటో ముందు నిలబడి ఆయన మాట తప్పు అని చెప్పాలా? నాలుగు రోజులుగా నాకు అన్నం సయించడం లేదు. అందుకే కోడలిని కూర్చోబెట్టి ఇది చెప్పి రాయిస్తున్నాను. తను హద్దు అవతల తెలంగాణలో బోధన్ దిక్కు పిల్ల, తెలుగు బడిలో చదివింది. నాకు సంతకం వరకే వచ్చు.

ఆ కాయిదా ఏమిటో ముందు చెప్పాలి. మా చుట్టుపక్కల కొన్ని ఊళ్లకు ఫుట్‌బాల్ పిచ్చి ఉంది. రైలు వచ్చిన కొత్తలో స్టేషన్ దగ్గర ఎవరో ఆడారని, వాళ్లను చూసి మనవాళ్లు నేర్చారని పెద్దలు అనేవాళ్లు. వానకాలమంతా ప్రతి ఊరూ ప్రతి ఊరితో ఆడుతుంది. గెలిచినవాళ్లకు పాయింట్లు. దసరా నాటికి అందరికంటే పైన ఉన్న నాలుగు ఊళ్లు తేలతాయి. దీపావళి అయ్యాక ఆ నాలుగు ఊళ్లకు ఒకే రోజున మళ్లీ ఆట. పొద్దున రెండు ఆటలు, సాయంత్రం ఆఖరాట. అందులో ఓడినవాడు అక్కడికక్కడే ఇంటికి. దీన్ని మరాఠీలో బాద్ ఫేరీ అంటారు. ఆఖరాట గెలిచినవాళ్లకే కప్పు. వానకాలమంతా బురదలో నువ్వు ఎందరిని ఓడించావో ఆ రోజు ఎవడూ అడగడు.

మాది భూమి లేనివాళ్ల వాడ. దీపావళి దీపాలు ఆరకముందే ముకద్దం, అంటే కూలీలను కోతకు తీసుకుపోయే మేస్త్రీ, ట్రక్కు తెచ్చి వాడ మొదట్లో నిలబెడతాడు. పొయ్యి రాళ్లు తప్ప అన్నీ ఎక్కించుకొని పడమటి దిక్కు చక్కెర కారఖానాలకు చెరుకు కోతకు పోతాం. ఎండలు ముదిరాక తిరిగి వస్తాం. వానకాలంలో మా వాడను కొట్టిన జట్టు లేదు. మా ఇంటాయన గోల్ దగ్గర నిలబడేవాడు. నిలబడితే తలుపు మూసినట్టే. కానీ బాద్ ఫేరీ వచ్చే వేళకు ఆయన చేతిలో కొడవలి ఉండేది. మా తరఫున మైదానంలో దిగేది కోతకు పోలేని ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు. ఏటా అదే కథ. వానకాలంలో అందరికన్నా పైన, దీపావళి తర్వాత అందరికన్నా ముందు ఇంటికి.

దీపావళికి ముందే ఆడుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. దసరా నుంచి దీపావళి దాకా సోయాబీన్ కోతలు. భూమి ఉన్న ఊళ్లవాళ్లు చేను విడిచి రారు. మాకు తీరిక ఉన్నప్పుడు వాళ్లకు ఉండదు, వాళ్లకు తీరేసరికి మేము ఉండము.

పంచ్‌తో నా కొట్లాట దీని మీదే. కప్పు వానకాలం ఆటలకే ఇవ్వాలని నేను, ఆఖరాటకే అని ఆయన.

మనిషి ఎట్లా ఉండేవాడంటే, పొడుగు, సన్నం, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. మెడలో నల్లదారానికి సీటీ. వానలో ఆటంటే ఒక చేతిలో గొడుగు. గొడుగు పట్టుకొనే మైదానమంతా ఉరికేవాడు. గోల్ పడితే గొడుగు టక్కున మూసేవాడు. తప్పు చేసినవాడిని గొడుగు మొనతో చూపేవాడు. దూరం ఊళ్లనుంచి కొత్తగా వచ్చినవాళ్లు కడుపు పట్టుకొని నవ్వేవాళ్లు. ఆట మొదలైన కాసేపటికి వాళ్లూ ఆ గొడుగు వైపే చూసేవాళ్లు.

ఎవరినైనా ఆటలోంచి తీసేయాల్సి వస్తే అరిచేవాడు కాదు. దగ్గరికి పోయి మోచెయ్యి పట్టుకొని గీత దాకా నడిపించుకుంటూ తెచ్చేవాడు, పెళ్లికొడుకును పీటల దగ్గరికి తెచ్చినట్టు. దారిలో వాడి ఇంటి సంగతులు అడిగేవాడు. ఒకసారి మా మరిది ఎదుటివాడి కాలు మీద కావాలని తొక్కాడు. పంచ్ వాడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"మీ అమ్మకు కండ్లు ఎట్లున్నయ్ ర? ఆపరేషన్ జేపిచ్చిండ్రా?"

"జేపిచ్చినం."

"మంచిగ కనవడ్తుందా?"

"కనవడ్తుంది."

"గట్లయితే నువ్వు జేసిన పని గూడ కనవడే ఉంటది. గో, ఆడ గూసున్నది సూడు. పోయి పక్కకు గూసో."

ఏదైనా ఆలోచన తెగకపోతే సీటీ నోట్లో పెట్టుకునేవాడు. ఊదేవాడు కాదు, ఊరికే పళ్ల మధ్య పట్టుకునేవాడు.

బజారులో ఒక పద్ధతి ఉంది. వ్యాపారి ఇనుప గొట్టం బస్తాలోకి గుచ్చి, పిడికెడు గింజలు తీసి, అరచేతిలో చూసి మొత్తం కుప్పకు ధర చెప్పేస్తాడు. పంచ్‌కు ఆ పద్ధతి చూస్తే కడుపు మండేది. "పై గింజ జూసి కింది గింజకు ధర గడ్తరా?" అని రైతు పక్షాన కొట్లాడేవాడు. నేను అక్కడే పట్టుకునేదాన్ని.

"నువ్వు జేసేది గూడ గదే గదా అన్నా. వానకాలమంత కుప్ప బోసినం. నువ్వేమో ఆఖరి నాడు ఒక్క పిడికిలి దీసి చూస్తున్నవ్."

"గింజలకు పానం ఉండదు చెల్లె. మనిషికి ఉంటది. నాలుగో నంబరు ఊరున్నది అనుకో. వానకాలమంత దెబ్బలే తిన్నది. నీ లెక్క పెడితె దసరాకు ముందే అంత ఒడిసిపాయె. ఆ పోరగాండ్లు మల్ల బూట్లు తొడుగుతరా? వాళ్లకు ఒక్క దినమన్న తలుపు తీసి ఉండొద్దా?"

"మరి మా తలుపుకు తాళమేసి పోతరు గదా ముకద్దమోళ్లు, దాని సంగతేంది?"

సీటీ నోట్లోకి వెళ్లేది.

మా ఇంటాయన నవ్వేవాడు. నన్ను చెల్లె అని పిలిచినప్పటి నుంచి పంచ్‌కు ఆయన బావ అయ్యాడు, ఎకసెక్కాలకు హక్కు వచ్చింది. "నీ చెల్లె నోటికి గోల్ కాడ నన్ను గాదు, దాన్ని నిలబెట్టాలె" అనేవాడు.

ఒక ఏడు దసరా నాటికి ఎప్పటిలాగే మేము పైన ఉన్నాం. నాలుగోది పంచ్ సొంత ఊరు, మర్ఖేల్ దిక్కున ఉంటుంది. ఆ ఊరు ఏనాడూ కప్పు ముట్టలేదు. నాలుగో స్థానానికి వచ్చిందంటేనే పంచ్ రెండు రోజులు ఈల వేసుకుంటూ తిరిగేవాడు. మా మరిది ఊరుకోలేదు. చాయ్ బండ్ల దగ్గర అందరి ముందూ అనేశాడు.

"పంచ్, నీ ఊరు నాలుగోది గాబట్టే నీకు ఆఖరాట ముద్దు. మేం ట్రక్కు ఎక్కంగనే మీ వోళ్లకు దారి సాఫ్."

పంచ్ ముఖం నల్లబడింది. చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత అడిగాడు.

"ఈసారి ఏ కారఖానాకు పోతున్నరు?"

"ఎందుకు? అచ్చి కోస్తవా?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.

చెరుకు తోటలో చలి మొదలైంది. ఒక సాయంత్రం చెరుకాకు గుడిసె ముందు పొయ్యి ముట్టిస్తున్నాను. జీపు ఆగింది. అందులోంచి పంచ్ దిగాడు. వెనక మార్కెట్ హమాలీలు ఇద్దరు దిగారు.

"బావేడి?" అన్నాడు.

మా టోళీలో, అంటే కోత గుంపులో, జట్టుకు పేరు తెచ్చిన ఆటగాళ్లు ముగ్గురు ఉన్నారు. మా ఇంటాయన, మా మరిది, ఇంకొక పిల్లగాడు. మర్నాడే బాద్ ఫేరీ. ముగ్గురినీ పంపమని ముకద్దాన్ని అడగడానికి వచ్చాడు. అది మామూలు మాట కాదు. కోతలో మొగుడూ పెళ్లామూ కలిపి ఒక కొడవలి కింద లెక్క. మొగుడు నరుకుతాడు, పెళ్లాం ఆకు దూసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకొని ట్రక్కు ఎక్కిస్తుంది. ఒకరు మానితే ఇద్దరూ మానినట్టే.

"ముగ్గురు పోతరు, ముగ్గురం అచ్చినం. లెక్క సరిపాయె" అన్నాడు పంచ్.

ముకద్దం పకపకా నవ్వాడు. "అరే పంచ్ సాబ్, సీటీ ఊదితె చెరుకు పడ్తదా?"

"పడకుంటె నన్ను ఎల్లగొట్టు. గ్రౌండ్ మీద నేను జేసే పని గదే."

మా ఇంటాయనకు మాత్రం నవ్వు రాలేదు. "నువ్వు ఈడుంటె ఆడ సీటీ ఎవలు ఊదాలె?"

"భోకర్ నుంచి ఒక మాస్టర్ను పిలిపిచ్చిన. రేపు మీ ఊరు, మా ఊరు ఎదురుపడ్డయనుకో, నేను ఊదుడు మంచిగుండదు. నువ్వు ఎక్కు బావా, పొద్దుగాల దాక నిద్రపో."

ముగ్గురూ అదే జీపులో వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లవారి పంచ్ నాకు జోడీగా చెరుకులో దిగాడు. ఏం కోత అది! నడుము వంగదు. కొడవలి జానెడు పైన పడుతుంది. మొదలు మిగిలిపోతే కారఖానావాళ్లు తిడతారు, తీపంతా మొదట్లోనే ఉంటుంది. "భూమికి ఆనిచ్చి గొట్టు అన్నా" అని నేను, "ఆనుతలేదు చెల్లె" అని ఆయన. పక్క సాలులో ఉన్న ఆమె ఊరుకుంటుందా?

"ఏందక్కా, మొగున్ని పంపి ముసలెద్దును దెచ్చుకున్నవ్?"

"ముసలెద్దే గాని పొడ్వదమ్మా, భయపడకు" అన్నాడు పంచ్.

మధ్యాహ్నానికి ఆయన అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. తువ్వాల రెండు ముక్కలు చించి చేతులకు చుట్టుకున్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మోపు నెత్తికెత్తుకుంటే మెడ వణికింది. చెరుకాకు కోసి చెంప మీద రక్తం చార కట్టింది. పొద్దు పడమటికి వాలాక ఒక్కసారి కొడవలి కింద పెట్టి, సూర్యుడిని చూసి, మెడలోంచి సీటీ తీసి గట్టిగా ఊదాడు. తోటంతా ఆగిపోయింది. ట్రక్కు డ్రైవరు బ్రేకు కొట్టాడు. ముకద్దం ఉరికొచ్చాడు.

"ఏమైంది? పామా?"

"ఏం గాలె. ఆడ ఆఖరాట మొదలైంది" అన్నాడు పంచ్. మళ్లీ కొడవలి అందుకున్నాడు.

దీపం పెట్టే వేళకు ముకద్దం ఫోను మోగింది. మా జట్టు పొద్దున గెలిచింది. సాయంత్రం ఆఖరాటకు ఎదురుగా దిగింది పంచ్ ఊరే. ఒకే ఒక్క గోల్ పడింది. మర్ఖేల్ దిక్కువాళ్లు గెలిచారు.

ఆ మాట వినగానే పంచ్ ముఖం ఎట్లా వెలిగిందో నేను చూశాను. పండక్కి కొత్త అంగీ తొడిగిన పిల్లవాడి ముఖం. అంతలో నన్ను చూశాడు. ఆ సంతోషాన్ని మింగేశాడు. గొంతులోంచి దిగడం కూడా నాకు కనిపించింది.

నేను ఆగలేదు. "వానకాలమంత ఓడనోళ్లు ఒక్కనాడు ఓడిండ్రు. ఇప్పుడు జెప్పు, ఎవలు పెద్ద?"

"ఇన్నేండ్లు మీరు ఓడలే చెల్లె, రాలే. గంతే. ఈసారి మొనగాండ్లు పోయి ఓడిండ్రు. గిది ఓటమి. దీన్ని కాదనరాదు."

"ఎట్ల పోయిండ్రు? కోసి కోసి నడుములు ఇరిగినంక పోయిండ్రు. జీపుల కుదుపులు దినుకుంట పోయి దిగంగనే ఆడిండ్రు. మీ వోళ్లు ఇంట్ల జొన్న గటక దాగి పన్నరు. ఒక్కనాడు నువ్వు కోస్తెనే నీ చేతులు గిట్లయినయ్. మా వోళ్లయి నెల దినాల చేతులు. గా చేతులతోని బంతి వడ్తరా?"

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. నెత్తురు తువ్వాల మీదికి వచ్చింది. అయినా ఒప్పుకోలేదు.

ఆ మరునాడు మా ఇంటాయన తిరిగి వచ్చాడు. పంచ్ ఇంకా పోలేదు, ఆయన కోసం ఆగాడు. గుడిసె ముందు ఇద్దరూ కూర్చున్నారు. పంచ్ కాసేపు చెరుకు ఆకు చింపుతూ ఉన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"గోల్ ఎట్ల వడ్డది బావా?"

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఓడి వచ్చిన మనిషిని అడిగే మాటా అది? నేను నోరు తెరిచేలోపు మా ఇంటాయన లేచి నిలబడ్డాడు. "గిట్ల అచ్చింది సూడు" అని మొదలుపెట్టాడు. మర్ఖేల్ దిక్కు పిల్లగాడు ఎక్కడి నుంచి ఉరికాడో, మావాళ్లలో ఎవడు జారాడో, బంతి ఏ పక్కకు తిరిగిందో, తను ఎటు దూకాడో చూపించాడు. దూకడం కూడా నిజంగానే దూకాడు, ఆకు కుప్ప మీద. ఇద్దరూ నవ్వారు. పంచ్ ఇంకోసారి చెప్పమన్నాడు. ఆయన ఇంకోసారి దూకాడు.

అప్పుడు నాకు అర్థమైంది. తన ఊరు కప్పు గెలిచిన ఒకే ఒక్క ఆట ఈ మనిషి చూడలేదు. చూడకుండా వచ్చి నా పక్కన చెరుకు కోశాడు, నా మొగుడు అక్కడ నిలబడాలని. తన ఊరిని ఆపగలిగినవాడు ఎవడన్నా ఉంటే అది నా మొగుడే. ఆ సంగతి ఆయనకు తెలిసే వచ్చాడు. మా ఇంటాయన నాకంటే ముందే అది తెలుసుకున్నాడు. అందుకే సిగ్గు లేకుండా తన మీద పడిన గోల్‌ను ఆయనకు చూపించాడు.

ఆ తర్వాత కూడా రెండు మూడేళ్లు అట్లాగే వచ్చాడు. ఒకసారి ఇద్దరినే తీసుకుపోగలిగాడు, ఒకసారి ముకద్దం ఒప్పుకోలేదు. మా వాడకు కప్పు రాలేదు. ఆయన ఊరు కూడా మళ్లీ గెలవలేదు. మా ఇంటాయనకు ఊపిరితిత్తులు చెడ్డాయి. నాందేడ్ దవాఖానాలో పోయాడు. ఇంటికి తెచ్చిన రోజు పంచ్ వచ్చాడు. ఏడవలేదు. గోడకు ఆనుకొని నిలబడ్డాడు, సీటీ పళ్ల మధ్య పట్టుకొని. పాడె ఎత్తేదాకా అట్లాగే ఉన్నాడు. నేను కోతకు పోవడం మానేసి చాయ్ బండి పెట్టుకుంటే, కాంటా పక్కన చోటు చూపించింది ఆయనే. మరుసటి రోజు నుంచే మళ్లీ కొట్లాట మొదలు.

ఇప్పుడు ఆదివారం సంగతి. కొందరు అంటున్నారు, పంచ్ బతికినన్నాళ్లు ఆఖరాటకే కప్పు అన్నాడు, పోయినాయన మాట మార్చొద్దని. మా వాడ పిల్లలు మార్చాల్సిందే అంటున్నారు. వాళ్ల మాటల్లో పంచ్ అంటే మొండివాడు, మనకు అన్యాయం చేసినవాడు. వాళ్లు ఆయన చేతులు చూడలేదు.

నేను చెప్పేది ఇది. ఆయన మాట్లాడిన మాటలో నిజం ఉంది. దెబ్బలు తిన్న ఊరికి ఒక్క తలుపు ఉండాలి. కాయిదా మారిస్తే ఆ తలుపు మూసుకుంటుంది. నాలుగో ఊరి పిల్లలకు అప్పుడు ఏం చెప్పాలో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడను. కానీ ఆ ఆఖరాట ఏ ఏడన్నా కొంచెం న్యాయంగా నడిచిందంటే, కాయిదా వల్ల నడవలేదు. ఒక మనిషి జీపు మాట్లాడుకొని, మనుషులను వెంటబెట్టుకొని, చెరుకు తోట దాకా వచ్చి కొడవలి పట్టుకుంటే నడిచింది. ఈసారి ట్రక్కు వచ్చినప్పుడు మీలో ఎవరు వస్తారు? రేపు సీటీ మెడలో వేసుకునేవాడు వస్తాడా? వస్తానని ఎవడన్నా లేచి చెబితే, అట్లాగే ఉంచండి ఆఖరాటను, నేను కూర్చుంటాను. ఎవరూ లేవకపోతే కప్పును వానకాలం ఆటలకే ఇచ్చేయండి. అందరూ ఊళ్లో ఉండేది అప్పుడే. ఆయన ఫొటో ముందు ఈ మాట చెప్పడానికి నాకు భయం లేదు. బతికి ఉండగా ముఖం మీదే చెప్పాను, కొట్లాడాడు గానీ కోపం పెట్టుకోలేదు.

ఇక చాలు బిడ్డా, కలం పక్కన పెట్టు. మొదటి నుంచి ఒకసారి చదివి వినిపించు. మెల్లగా చదువు. అంతమంది మగవాళ్ల మధ్య లేచి నిలబడాలి, కాగితం చూసి చదవడం నాకు రాదు. నోటికి పట్టేదాకా చదువు.